ఎపిసోడ్ 41: వానలకు ముందు అతికించుకోవలసినవి

తమ్ముడు: నమస్కారం. పలాస నుంచి మళ్లీ మేమే. కారులో విరిగిన ప్లాస్టిక్ ముక్కల్లో ఇంట్లో అతికించుకోదగినవి ఏవి, ముట్టుకోకూడనివి ఏవి అన్నది ఈ రోజు విషయం. అయిదు రాసి పెట్టుకున్నాను.

అక్క: మావయ్య కుర్చీ అందులో ఉందా?

తమ్ముడు: అక్కా, అప్పుడే మొదలుపెట్టకు. మొదటిది బంపరు చెవి. బంపరును పక్క రేకుకు పట్టి ఉంచే చిన్న నాలుక లాంటి ముక్క. మొన్న టెక్కలిలో మన బండిది ఊడింది. అక్కడే బడ్డీలో సూపర్ గ్లూ చిన్న ట్యూబు కొని అతికించాను.

అక్క: ఎంతవరకు నిలిచింది?

తమ్ముడు: కాశీబుగ్గ బస్టాండు వరకు.

అక్క: ముక్క వెనక అక్షరాలు చూశావా?

తమ్ముడు: చూడలేదు.

అక్క: నలభై ఎపిసోడ్ల నుంచి మొత్తుకుంటున్నాను, వెనక చూడరా అని. లోపలి వైపు రెండు బాణపు ములుకుల మధ్య ఆ ప్లాస్టిక్ పేరు అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే, అదొక గట్టి ప్లాస్టిక్ రకం, బ్రేకుల ఏబీఎస్ కాదు, నీ ట్యూబు పట్టుకుంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్. దాని మీద నువ్వు ఎంత పోసినా తామరాకు మీద నీటిబొట్టే. బంపర్లు ఎక్కువగా ఆ రకమే, దెబ్బ తగిలితే వంగాలని రబ్బరు కలిపి చేస్తారు.

తమ్ముడు: అక్షరాలు చెరిగిపోతే?

అక్క: చిన్న పెచ్చు కోసి గ్లాసు నీళ్లలో వెయ్యి. మామూలు పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది.

తమ్ముడు: జిగురుకు బలం చాలలేదేమోనని ఇంకో ట్యూబు పోశాను. వంట సోడా కూడా చల్లాను. ఎంత గట్టిగా అయిందో తెలుసా? రాయి!

అక్క: రాయి అయింది, బంపరుకు మాత్రం అంటలేదు. బలంతో పని కాదురా అది. పీపీ ఒళ్లు జిడ్డు ఒళ్లు లాంటిది, జిగురును తన మీద పరచుకోనివ్వదు. ఈ జిగురు కథ కూడా వింతే. 1942లో అమెరికాలో తుపాకీ గురి చూసే పరికరాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ దీన్ని తయారు చేశారు. తగిలినదానికల్లా అంటుకుంటోందని విసుగెత్తి పక్కన పెట్టేశారు. గాలిలో తేమ చాలు దానికి, గట్టిపడిపోతుంది. 1958లో జిగురుగానే అమ్మకానికి వచ్చింది.

తమ్ముడు: అతుకు చుట్టూ తెల్లగా బూజులా వచ్చింది, అదేమిటి?

అక్క: దాని ఆవిరి. ఆ ఆవిరి పట్టించే పోలీసులు వస్తువుల మీద కనపడని వేలిముద్రలు బయటికి తెస్తారు. నూలు బట్ట మీద ఒలికితే మాత్రం కాలుతుంది, ఆ సంగతి నీకూ నీ లుంగీకీ తెలుసు.

తమ్ముడు: లుంగీ ఊసు ఎత్తనన్నావు! సరే, పీపీకి ఏం చెయ్యాలి?

అక్క: ముందుగా పూసే ప్రైమరు దొరుకుతుంది. లేదంటే సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి, అదే రకం ప్లాస్టిక్ ముక్కలు కరిగిస్తూ సందు నింపడమే. వెనక సన్నని స్టీలు జాలీ పాతితే ఇంకా గట్టి. కిటికీలు తెరుచుకో.

తమ్ముడు: రెండోది, లోపలి ఏబీఎస్ బిగింపులు. గరుకు కాగితంతో గీకి, జిడ్డు తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి పూసి, ఒక రాత్రి కదపకుండా వదిలేస్తే...

అక్క: ఎపాక్సీ అన్నావు కాబట్టి...

తమ్ముడు: వచ్చింది. జీడి వచ్చింది.

అక్క: వస్తుంది మరి! ఎపాక్సీని గట్టిపరిచే రసాయనాల్లో ఒక రకం జీడిపిక్కల తొక్క నూనెతోనే చేస్తారు. ఫెనాల్కమైన్లు అంటారు. చలిలోనూ తడిలోనూ గట్టిపడతాయని ఓడలకు వేసే పూతల్లో వాడతారు. బ్రేకు లైనింగుల్లో కలిపే పొడి కూడా ఆ నూనెతోనే. నువ్వు బ్రేకు తొక్కినప్పుడు...

తమ్ముడు: జీడితోట బండిని ఆపుతుంది. ఎన్నిసార్లు చెబుతావు? 80 కిలోల పిక్కల బస్తాకు గిట్టుబాటు ధర ఇవ్వమని రైతులు రోడ్డు మీద కూర్చుంటే, నీకు ఓడల పూతలు కావాలి.

అక్క: నేను అనేదీ అదే. పప్పు లెక్క అందరికీ తెలుసు. తొక్క లెక్క ఎవరు అడిగారు?

తమ్ముడు: అడిగితే రైతుకు వస్తుందా? పిక్కలు అమ్మేశాక తొక్క ఫ్యాక్టరీది. 2018లో తిత్లీ తుఫానుకు నాన్న తోట పడిపోయినప్పుడు నీ నూనె వచ్చి నిలబెట్టిందా?

అక్క: తోట మాట ఎత్తకు.

తమ్ముడు: నువ్వే ఎత్తావు.

అక్క: నేను తోట అనలేదు, తొక్క అన్నాను. తొక్క అంటే నాకు తోట గుర్తుకు రాదు, అమ్మ గుర్తుకొస్తుంది. పిక్కలు కొట్టడానికి వెళ్లే రోజుల్లో చేతులకు బూడిద రాసుకునేది. అయినా ఆ నూనె వేళ్ల చివర తోలు తినేసేది. నా పెళ్లికి అందరూ గోరింటాకు పెట్టించుకుంటుంటే, వంట చూడాలని లేచి వెళ్లిపోయింది.

తమ్ముడు: నేను చిన్నవాణ్ణి అప్పుడు.

అక్క: రేషను దుకాణంలో మిషను మీద వేలు పెడితే పడేది కాదు. ఇంకో వేలు పెట్టమనేవాడు. ఇంకోటి. వెనక జనం గొణుగుతుండేవారు. పదో వేలు కూడా అయ్యాక చీర కొంగుతో మిషను అద్దం తుడిచేది, తప్పు అద్దానిది అన్నట్టు.

తమ్ముడు: ...ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క: నువ్వు ఎప్పుడూ బ్రేకు దగ్గరే ఆపేస్తావు కదా.

తమ్ముడు: సరే. అయిదు అన్నాను కాబట్టి మిగతావి గబగబా చెప్పేస్తాను. హెడ్‌లైటు చెవి, అది కూడా ముందుగా వెనక అక్షరాలు చూసి. రేడియేటరు ప్లాస్టిక్ తొట్టి అతికించవద్దు, మరిగే నీరు ఒత్తిడితో ఉంటుంది, దారిలో ముంచుతుంది. ఎయిర్‌బ్యాగ్ మూత అసలే ముట్టుకోవద్దు, అది విచ్చుకోవలసిన చోట విచ్చుకోవాలి.

అక్క: ఆ బంపరు ముక్క ఎక్కడుంది?

తమ్ముడు: డిక్కీలో. ఎందుకు?

అక్క: తీసుకురా. వచ్చేటప్పుడు గ్లాసుతో నీళ్లు.

తమ్ముడు: మైకు ఆపనా?

అక్క: ఉండనీ. స్టీలు గ్లాసు కాదు, గాజుది తే. అమ్మను అడుగు, ఎక్కడుందో చెబుతుంది.