‘గోపీభాగ్య’ శ్లోకం చివరి అంకె చూశారా?

“గోపీభాగ్య మధువ్రాత...” వాట్సాప్‌లో మళ్లీ వచ్చింది. ఈసారి ‘ఆది శంకరాచార్యులు చెప్పిన పై (π) విలువ’ అట, అదే వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14159... పోయినసారి వేదాల్లోది అన్నారు. ముందు ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ!

శ్లోకంలో తమాషా ఉందన్నది నిజమే. కటపయాది పద్ధతి పాత కీప్యాడ్ ఫోన్ లాంటిది, ఒక్కో అంకెకి కొన్ని అక్షరాలు. గో అంటే 3, పీ 1, భా 4, గ్య 1, మ 5, ధు 9. ఇలా నొక్కుకుంటూ పోతే 32 అంకెలు వస్తాయి.

[స్క్రీన్ మీద: ...రసంధర]

ఆఖరుకి రండి. ర 2, స 7, ధ 9, ర 2. పైలో అక్కడ ఉండాల్సింది 2, 7, 9, 5. రాంగ్ నంబర్! ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎవరూ చివరిదాకా డయల్ చేయరు మరి.

ఇంకోటి. కటపయాదిలో అంకెల్ని మామూలుగా కుడి నుంచి ఎడమకి చదువుతారు. 19వ శతాబ్దంలో కేరళకు చెందిన శంకరవర్మ (ఈ శంకరుడు వేరు, కంగారు పడకండి) ‘సద్రత్నమాల’ అనే గణిత గ్రంథంలో ‘భద్రాంబుధి...’ అని ఒక పాదం రాశాడు. దాన్ని వెనక నుంచి నొక్కితే π విలువ 17 దశాంశ స్థానాల వరకు కరెక్ట్‌గా వస్తుంది. మన గోపీభాగ్యం మాత్రం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. పాతకాలపు కీప్యాడ్ ఇలా పనిచేయదు.

మరి ఇది ఎక్కడిది? పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థ రాసిన ‘వేదిక్ మ్యాథమాటిక్స్’లో ఉంది. ఆయన కన్నుమూసిన ఐదేళ్లకి, 1965లో అచ్చయింది. పైని ఎన్ని అంకెలకైనా పొడిగించే తాళంచెవి ఈ శ్లోకంలోనే ఉందన్నారు కానీ తాళం తీసి చూపించలేదు. ఇక ఆ పుస్తకంలోని 16 సూత్రాలు అథర్వవేద పరిశిష్టంలోవి (అంటే అనుబంధంలోవి) అంటారు కదా, తెలిసిన పరిశిష్టాల్లో అవి లేవని సంపాదకుడు వాసుదేవ శరణ్ అగ్రవాలాయే అదే పుస్తకంలో రాశారు. పుస్తకం కొనుక్కున్నవాళ్లు ముందుమాట చదవరా?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 499లో ఆర్యభటుడు 3.1416 ఇచ్చాడు, అది ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ అని తనే చెప్పాడు. 14వ శతాబ్దంలో కేరళలోనే సంగమగ్రామ మాధవుడు 11 దశాంశాల దాకా వెళ్లాడు. 1 లోంచి 1/3 తీసి, 1/5 కలిపి, 1/7 తీసి... అలా పోతే పైలో నాలుగో వంతు వస్తుందన్నది ఆయన శ్రేణి. దాని రుజువు జ్యేష్ఠదేవుడి ‘యుక్తిభాష’లో మలయాళంలో ఉంది. వచ్చే వీడియోలో ఆ రుజువే చేద్దాం, పెన్నూ పేపరూ పెట్టుకుని కూర్చోండి.