స్క్రాప్‌బుక్‌లో పిల్లల ఆలోచన కనబడాలి

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

స్క్రాప్‌బుక్ ప్రాజెక్టు అనగానే రంగు కాగితాలు, మెరుపులు, నెట్‌లోంచి ప్రింట్ తీసిన బొమ్మలు గుర్తొస్తాయి. రేపు ఇవ్వాలంటే ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని అతికించేస్తారు. అందంగా ఉన్నదానికి మనం ఎక్కువ మార్కులు వేసేస్తాం. పిల్లలు నేర్చుకున్నదేమిటో మాత్రం తెలియదు. అతికించడంలో ఏముంది? ముందే జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్‌కి రచయిత మార్క్ ట్వేన్ 1873లోనే పేటెంట్ తీసుకున్నారు. తడిపి అంటిస్తే చాలు. ఏది అతికించాలి, ఎందుకు, దాని కింద ఏం రాయాలి అని తేల్చుకోవడంలోనే చదువంతా ఉంది.

ఒక్క పేజీ సంగతి చెప్తాను. పాఠం, గింజ మొలకెత్తడం. తడి దూదిలో చిక్కుడు గింజ పెట్టకముందే, అందులోంచి ముందు ఏం బయటికొస్తుందో ఊహించి గీయమనండి. ఒక పాప ఆకు గీసిందనుకుందాం. తేదీ వేసి ఆ బొమ్మ అతికిస్తుంది. తర్వాత రోజూ గింజను చూసి గీస్తుంది. పైపొర చిట్లి ముందు తెల్లటి వేరు వస్తుంది. గింజను ఎటు తిప్పి పెట్టినా అది కిందికే వంగుతుంది. ఆపైన కాండం కొక్కెంలా వంగి లేస్తూ రెండు బద్దలనూ వెంట లాక్కొస్తుంది. అప్పుడు ఆ పాప తన మొదటి బొమ్మ పక్కన "ఆకు ముందొస్తుందనుకున్నాను, వేరొచ్చింది. నీళ్లు తాగాలి కదా!" అని రాస్తుంది. ఆ పేజీ తెరిచిన ఎవరికైనా ఆ పాప ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో ఇట్టే తెలుస్తుంది. పరీక్ష పేపర్లో మనకు చివరి జవాబే దొరుకుతుంది. అందుకే దయచేసి ఆ మొదటి బొమ్మను చింపనివ్వకండి, చెరపనివ్వకండి.

లెక్కల్లోనూ అంతే. భిన్నాల కూడికలో హారాలు కూడేసిన కాగితాన్నే అతికించి, ఎక్కడ పొరపాటు జరిగిందో పక్కన రాయమనండి. ఇంకా రాయడం రాని పిల్లలు చెప్తుంటే మీరు వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.

ఈ పనంతా క్లాసులోనే జరగాలి. ఇంటికి పంపితే మళ్లీ మొదటికొస్తుంది. న్యూస్‌పేపర్ కటింగులు త్వరగా పసుపెక్కి పెళుసవుతాయి, ఏడాదంతా ఉండాల్సినవైతే జిరాక్సు తీసి అతికించండి.

ఇక మార్కులు. దేనికి వేస్తారో పని మొదలెట్టకముందే పిల్లలకు చెప్పేయండి. అలంకరణకు వేయొద్దనే నేనంటాను. సామాన్లు కొనలేని పిల్లలు దానివల్లే వెనకబడతారు. ఒక్కొక్కరినీ పిలిచి తమకు నచ్చిన పేజీ తెరవమనండి. "ఇది మళ్లీ చేయమంటే ఏం మారుస్తావు?" అని అడగండి. ఆ జవాబుకే ఎక్కువ మార్కులివ్వండి. ఆ మార్కులు విడి కాగితం మీద రాయండి, పుస్తకం పిల్లలది కాబట్టి.