ఏడుగురు కూర్చున్న గది, ఇరవై పౌన్ల కప్పు: 1872 తొలి ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌పై చర్చ

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: యాంకర్, చరిత్ర అధ్యాపకుడు, క్రీడా పాత్రికేయురాలు, ఒకప్పుడు గోల్‌కీపర్‌గా ఆడిన ఫుట్‌బాల్ కోచ్.)

యాంకర్: అందరికీ నమస్కారం. 1872 మార్చి 16, శనివారం. లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్ మైదానం. వాండరర్స్ జట్టు రాయల్ ఇంజినీర్స్‌ని 1–0తో ఓడించి మొట్టమొదటి ఎఫ్‌ఏ కప్, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టిన కప్పు, గెలిచింది. స్కోరు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ మేడమ్, మీరు మేకప్ రూమ్‌లోనే గొడవ మొదలుపెట్టేశారు.

పాత్రికేయురాలు: పెట్టనా మరి? ఆ కప్పు పెట్టాలని 1871 జులై 20న ‘స్పోర్ట్స్‌మన్’ పత్రిక ఆఫీసులో ఏడుగురు కూర్చుని నిర్ణయించారు. ప్రతిపాదన తెచ్చింది ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్కాక్. ఇక ఫైనల్ రోజు ఎవరెవరున్నారో చూడండి. గెలిచిన జట్టు కెప్టెన్ ఆల్కాక్. గోల్ కొట్టిన మోర్టన్ బెట్స్ ఆ గదిలో కూర్చున్నవాడే. రిఫరీ ఆల్‌ఫ్రెడ్ స్టెయిర్, అసోసియేషన్ కోశాధికారి, ఆయనా ఆ గదిలోనే. అంపైర్లలో ఒకరైన గిఫర్డ్ కూడా అంతే. ఓడిన జట్టులో ఆడిన మారిండిన్ కూడా! ఏడుగురిలో ఐదుగురు అక్కడే తేలారు. ఇంకా ఉంది. ఓవల్ సర్రే క్రికెట్ క్లబ్ మైదానం. ఫైనల్ జరిగిన ఏడాదే ఆ క్లబ్‌కి కార్యదర్శి అయింది ఎవరు? మళ్ళీ ఆల్కాకే.

కోచ్: పెళ్ళికొడుకూ ఆయనే, పురోహితుడూ ఆయనేనంటారు!

అధ్యాపకుడు: అమ్మా, అప్పుడింకెవరున్నారు చెప్పండి? అసోసియేషన్ పుట్టింది 1863లో. 1871కి అందులో ఉన్నవి యాభై క్లబ్బులు. వాటిలో కప్పుకి పేరిచ్చినవి పదిహేనే. ఆట సరదాగా ఆడుకోవాలిగానీ దానికి కప్పేమిటి, లేనిపోని పోటీలు, పంతాలు పెరుగుతాయని అనుకునే పెద్దమనుషుల కాలం అది. ఆడేవాళ్ళే నిర్వాహకులు, నిర్వాహకులే అంపైర్లు. ఎవరికీ జీతం లేదు. ఆల్కాక్ చదివిన హారో స్కూల్లో హాస్టళ్ళ మధ్య నాకౌట్ పోటీ ఉండేది, ఓడినవాడు ఇంటికి పోవడమే. ఆ పద్ధతినే దేశం మీదకి తెచ్చాడు. దానికి ఇరవై పౌన్లు పెట్టి వెండి కప్పు చేయించారు.

పాత్రికేయురాలు: ‘దేశం మీదకి’ అనకండి మాస్టారూ. పదిహేనులో దాదాపు అన్నీ లండన్ చుట్టుపక్కలవే. దూరం నుంచి వచ్చినవి రెండు: లింకన్‌షైర్ నుంచి డోనింగ్టన్ గ్రామర్ స్కూలు, గ్లాస్గో నుంచి క్వీన్స్ పార్క్. అందులో ఆ స్కూలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తప్పుకుంది.

యాంకర్: క్వీన్స్ పార్క్ సంగతి వేరే. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే సెమీఫైనల్‌కి వచ్చింది కదా?

పాత్రికేయురాలు: అవును. ఆడకుండానే పై రౌండ్‌కి పంపే బైలు కొన్ని, ప్రత్యర్థి తప్పుకోవడం ఒకసారి, అలా సెమీస్‌లో పడ్డారు. చందాలు వేసుకుని గ్లాస్గో నుంచి లండన్ వచ్చారు. వాండరర్స్‌తో 0–0. మళ్ళీ ఆడాలంటే లండన్‌లో ఉండటానికి డబ్బు లేదు. ఇంటికెళ్ళిపోయారు. వాండరర్స్ ఫైనల్‌కి! ఇప్పుడు వాండరర్స్ నడిచిన దారి చూడండి. మొదటి రౌండ్‌లో హారో చెకర్స్ బరిలోకే దిగలేదు. రెండో రౌండ్‌లో క్లాపమ్ రోవర్స్ మీద 3–1 గెలుపు. క్వార్టర్స్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో డ్రా. డ్రా అయితే ఇద్దరినీ పైకి పంపే వెసులుబాటు రూల్స్‌లో ఉంది, పంపేశారు. సెమీస్ సంగతి చెప్పాను. మొత్తానికి ఫైనల్‌కి ముందు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్.

కోచ్: మా పిల్లలకి ఇలాంటి దారి దొరికితే నేను తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుంటా.

యాంకర్: (నవ్వుతూ) సరే, మైదానంలోకి వెళ్దాం. కోచ్ గారూ, ఫేవరెట్లు ఇంజినీర్సే కదా?

కోచ్: అవునండి. చాటమ్ అనే ఊళ్ళో మకాం ఉండే సైనిక ఇంజినీర్లు. అందరూ ఆఫీసర్లే. కలిసి ఉంటారు, కలిసి ప్రాక్టీసు చేస్తారు. అప్పట్లో ఆటంటే బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒక్కడే దూసుకుపోవడం. మిగతావాళ్ళు వెనకాల గుంపుగా పరుగెత్తి, బంతి జారితే అందుకోవడం. వాండరర్స్ ఫార్మేషన్ వింటే ఇప్పటి పిల్లలు నమ్మరు: వెనక ఒకడు, మధ్యలో ఒకడు, ముందు ఎనిమిది మంది! ఇంజినీర్స్ వెనక ఒకడిని, మధ్యలో ఇద్దరిని పెట్టి, ఏడుగురిని ముందుకి పంపారు. ఒకరికొకరు బంతి అందించుకుని ఆడే జట్టుగా వీళ్ళకి ఆ రోజుల్లోనే పేరొచ్చింది.

అధ్యాపకుడు: చిన్న మాట. గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ దళంతో చుట్టరికం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరది మద్రాస్ ఇంజినీర్స్ కదా. కంపెనీ పాలన పోయాక 1862లో కంపెనీ ఇంజినీర్ల దళాలని రాయల్ ఇంజినీర్స్‌లో కలిపేశారు. ఈ ఫైనల్ ఆడిన రెనీ టేల్యూర్ పుట్టింది కూడా మన ముస్సోరీలోనే.

కోచ్: భలే. సరే, టాస్ ఆల్కాక్ గెలిచాడు. గాలి, ఎండ వెనక నుంచి ఉండే వైపు తీసుకున్నాడు. మూడు దాటాక ఆట మొదలైంది. పది నిమిషాలకే లెఫ్టినెంట్ క్రెస్‌వెల్‌కి కాలర్ బోన్ విరిగింది. నాకు ఇక్కడే మనసు ఆగిపోతుందండి. సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. ఆయన బయటికి వెళ్తే జట్టు పదిమందే. వెళ్ళలేదు, చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు. కాలర్ బోన్ విరిగితే ఎలా ఉంటుందో నేను చూశాను. చెయ్యి ఒంటికి నొక్కి పట్టుకోకపోతే ప్రతి అడుగుకీ ఎముక కదులుతుంది. గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పే. అప్పట్లో భుజంతో గుద్దడం ఆటలో భాగం. అలాంటి ఆటలో ఎనభై నిమిషాలు!

పాత్రికేయురాలు: అంటే వాండరర్స్ గెలిచింది పదిన్నర మంది మీద.

కోచ్: ఆ మాట ఒప్పుకుంటా. పదిహేనో నిమిషంలో గోల్ పడింది. రాబర్ట్ విడాల్ అని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వెస్ట్‌మిన్‌స్టర్ స్కూలు విద్యార్థి, ఒక్కడే డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి వచ్చేశాడు. ఆ బంతినే బెట్స్ గోల్‌లోకి కొట్టాడు.

యాంకర్: కానీ జట్టు జాబితాలో బెట్స్ పేరు లేదు!

పాత్రికేయురాలు: లేదు! ‘ఎ. హెచ్. చెకర్’ అని ఉంది. మొదటి రౌండ్‌లో వాండరర్స్‌కి దారి వదిలేసిన హారో చెకర్స్ గుర్తుందా? బెట్స్ ఆ క్లబ్ మనిషి. తప్పుకున్న క్లబ్ ఆటగాడు ఎవరిని గెలిపించాడు? తప్పుకోవడం వల్ల లాభపడ్డ జట్టుని! ఇవాళ ఒక జిల్లా టోర్నీలో ఇలా జరిగితే పాయింట్లు కోసేస్తారు. ఆ రోజు ఇంజినీర్స్ కనీసం ఫిర్యాదు కూడా చేయలేదు.

అధ్యాపకుడు: ఎందుకు చేస్తారమ్మా? ఆయనెవరో మైదానంలో అందరికీ తెలుసు. మారు పేరుతో ఆడటం అప్పటి పెద్దింటి కుర్రాళ్ళకి మామూలే. మీరు దాన్ని మోసం అంటున్నారు, వాళ్ళకది సరదా.

పాత్రికేయురాలు: అందరూ ఒకే బడిలో చదివిన స్నేహితులైతే అన్నీ సరదాలే మాస్టారూ. గ్లాస్గో నుంచి చందాలేసుకుని వచ్చినవాళ్ళని అడగండి సరదా సంగతి.

అధ్యాపకుడు: ...అది నిజమే.

కోచ్: ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. రిఫరీని అనుమానిస్తున్నారు కదా, అప్పట్లో రిఫరీ మైదానం బయటే ఉంటాడు. ఆటగాళ్ళు అప్పీల్ చేస్తే అంపైర్లు తేలుస్తారు. వాళ్ళిద్దరికీ కుదరకపోతేనే రిఫరీ మాట. ఆ రోజు ఆల్కాక్ కూడా ఒక గోల్ కొట్టాడు. అంతకుముందు వాండరర్స్ ఆటగాడి చేతికి బంతి తగిలిందని దాన్ని కొట్టేశారు. అంటే కప్పు పెట్టిన మనిషి గోల్‌నే కాదన్నారు! అది కూడా లెక్కలో వేయండి మేడమ్.

పాత్రికేయురాలు: వేస్తా. అది వాళ్ళ పక్షాన బలమైన పాయింటే.

కోచ్: ఇంకో తమాషా. గోల్ పడితే వెంటనే వైపులు మార్చుకోవాలి, అప్పటి రూలు. అంటే గోల్ కొట్టిన వాండరర్స్‌కే ఆ క్షణం నుంచి గాలి, ఎండ ఎదురు! అయినా వాళ్ళదే పైచేయి. ఒక్క గోల్‌తో సరిపోయిందంటే కారణం ఇంజినీర్స్ ఆటగాడు మెరిమన్. ఆయనే గోల్‌కీపర్. గోల్‌కి పైన కర్ర ఉండదు, టేపు కడతారు. వెనక వల ఉండదు. గ్లవ్స్ లేవు. మెరిమన్ లేకపోతే నాలుగైనా పడేవి. గోల్‌కీపర్ని కదా, నేను ఇటే మాట్లాడతా.

యాంకర్: జనం ఎంతమంది వచ్చారు?

అధ్యాపకుడు: రెండు వేల మంది. టికెట్టు ఒక షిల్లింగ్. కూలి పని చేసుకునేవాడికి అది బరువే. వచ్చింది ఎక్కువగా పెద్దింటివాళ్ళే. కప్పు కూడా ఆ రోజు ఇవ్వలేదు. ఏప్రిల్ 11న పాల్ మాల్ రెస్టారెంట్‌లో విందు పెట్టుకుని అసోసియేషన్ అధ్యక్షుడు మోర్లీ చేతుల మీదుగా అందించారు.

యాంకర్: మరి ఇంజినీర్స్‌కి ఎప్పటికైనా దక్కిందా?

అధ్యాపకుడు: 1875లో. ఓల్డ్ ఇటోనియన్స్‌తో మొదట డ్రా, రీప్లేలో 2–0. అప్పుడు కెప్టెన్ మెరిమనే.

పాత్రికేయురాలు: అంతకుముందు 1873 సంగతి దాటేస్తున్నారేం? నిరుడు గెలిచిన జట్టు రౌండ్లేవీ ఆడక్కర్లేదు, నేరుగా ఫైనల్ ఆడొచ్చు, మైదానం కూడా తనే ఎంచుకోవచ్చు అని రూలు. ఎవరికి లాభం? వాండరర్స్‌కి. లిల్లీ బ్రిడ్జ్ మైదానం ఎంచుకుని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీని 2–0తో కొట్టి రెండో కప్పు పట్టుకెళ్ళారు.

అధ్యాపకుడు: ఆ రూలు ఆ ఒక్క ఏడాదే నడిచింది. తర్వాత ఎత్తేశారు.

పాత్రికేయురాలు: ఎత్తేశారంటే తప్పని ఒప్పుకున్నట్టేగా!

అధ్యాపకుడు: ఆడి చూశారు, బాగాలేదు, మార్చారు. అంతేనమ్మా.

యాంకర్: ఇద్దరూ కాస్త ఊపిరి తీసుకోండి. చిన్న బ్రేక్.