సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ లేదా? అయితే సీఎన్‌జీ లెక్క ఒకసారి చూద్దాం

[దృశ్యం: అపార్ట్‌మెంట్ సెల్లార్. వరసగా కార్లు. గోడకు ఎక్కడా ప్లగ్ పాయింట్ లేదు.]

ఎలక్ట్రిక్ కారు కొనమంటారా అని అడిగినవాళ్లందరినీ నేను ముందు అడిగేది ఒక్కటే. రాత్రి కారు ఎక్కడ పెడతారు?

సొంతిల్లు, గేటు లోపలే పార్కింగ్ ఉంటే నిశ్చింతగా ఎలక్ట్రిక్ తీసుకోండి. కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకున్నా, చిన్న కారుకి కిలోమీటరు రూపాయిన్నర లోపే. దాని ముందు గ్యాస్ నిలబడదు.

కానీ ఇదిగో, ఇలాంటి సెల్లార్ ఉన్నవాళ్లు? అద్దెకుండేవాళ్లు? బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 అయితే కిలోమీటరు 3 రూపాయలు దాటుతుంది. పైగా అక్కడ కూర్చోవాలి.

[దృశ్యం: తెల్ల బోర్డు మీద లెక్క.]

పెట్రోల్ లీటరు 108, మైలేజ్ 18 అనుకుందాం. కిలోమీటరు 6 రూపాయలు. సీఎన్‌జీ కిలో 95, మైలేజ్ 25 అయితే 3 రూపాయల 80 పైసలు. అంటే కిలోమీటరుకి 2 రూపాయల 20 పైసలు మిగులు. చిన్న కార్లలో సీఎన్‌జీ మోడల్‌కి పెట్రోల్ మోడల్ మీద సుమారు 90 వేలు ఎక్కువ పెట్టాలి. అదే సైజు ఎలక్ట్రిక్ అయితే తేడా లక్షల్లో ఉంటుంది. రోజుకి 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఆ 90 వేలు రెండేళ్లలోపే తిరిగొస్తాయి. 15 కిలోమీటర్లే తిరిగితే ఏడేళ్లు పైనే. వాళ్లు పెట్రోల్ కారే కొనుక్కోవాలని నా మాట.

[దృశ్యం: గ్యాస్ బంక్. అందరూ కారు దిగుతున్నారు.]

గ్యాస్ పట్టేటప్పుడు కార్లో ఎవరూ కూర్చోకూడదు, పసిపిల్లలైనా సరే. సిలిండర్‌లోకి గ్యాస్ 200 బార్ ప్రెషర్‌తో ఎక్కుతుంది, మన టైర్లో గాలికి దాదాపు వంద రెట్లు. నాజిల్ తీసేటప్పుడు ఆ ‘స్‌స్’ శబ్దం విన్నారా? గొట్టంలో మిగిలిన గ్యాస్ అది. దీన్లో ఉండేది ఎక్కువగా మీథేన్. గాలికంటే తేలిక కాబట్టి లీకైతే పైకి పోతుంది, ఎల్పీజీలా నేలబారున పేరుకోదు.

ఒక చిన్న కిటుకు. పైప్‌లైన్ ఉన్న బంకులో ప్రెషర్ నిలకడగా ఉంటుంది. లారీలో సిలిండర్లు తెచ్చి నింపే బంకులో, లారీ ఖాళీ అవుతున్నకొద్దీ ప్రెషర్ తగ్గి ట్యాంక్ సగమే నిండుతుంది. కొనకముందే మీ దారిలో ఉన్న బంకు ఏ రకమో వెళ్లి అడగండి. క్యూ ఎంతుంటుందో కూడా అక్కడే తెలుస్తుంది.

[దృశ్యం: తెరిచిన డిక్కీ, అడ్డంగా సిలిండర్.]

డిక్కీ పోతుంది, నిజమే. ఊరికి వెళ్తే సూట్‌కేసులు ఒళ్లోకే. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు కింద అమర్చి, డిక్కీలో చాలా చోటు మిగిల్చారు. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ కాస్త తగ్గుతుంది. ఈ కార్లలో పెట్రోల్ ట్యాంకూ ఉంటుంది కాబట్టి, అక్కడ స్విచ్ నొక్కి పెట్రోల్‌కి మారండి.

[దృశ్యం: సిలిండర్ పరీక్ష తేదీ ఉన్న ప్లేట్, క్లోజప్.]

సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నారా? ముందు ఈ తేదీ చదవండి. మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రోటెస్ట్, అంటే నీళ్ల ప్రెషర్‌తో దాని గట్టిదనం చూసే పరీక్ష, చేయించాలి. తేదీ దాటితే, ఆ పరీక్ష చేయించి సర్టిఫికెట్ చేతికిచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.