హైదరాబాద్ గుండ్లు భూమి లోపలే గుండ్రబడ్డాయి

హోస్ట్: నమస్కారం. రాయి పగిలి, మెత్తబడి, చివరికి మట్టి ఎలా అవుతుందో ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. మన ఉదాహరణ హైదరాబాద్ గ్రానైట్. ఖాజాగూడ వైపు, గోల్కొండ వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు గుండ్లు కనిపిస్తాయి కదా మేడం, అవి ఎండకూ గాలికీ అరిగి అలా తయారయ్యాయని చాలామంది నమ్మకం.

అతిథి: చాలావరకు అది నిజం కాదండీ. ఆ గుండ్రదనం నేల లోపల ఉన్నప్పుడే వచ్చింది. చుట్టూ ఉన్న మెత్తని భాగం వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి.

హోస్ట్: అయితే నేల లోపలి నుంచే మొదలుపెడదాం.

అతిథి: ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కిలోమీటర్ల లోతులో గట్టిపడిన రాయి ఇది. పైనున్న రాళ్లు కోతకు పోయేకొద్దీ దీని మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే రాయి పైకి కొద్దిగా సాగుతుంది, నేలకు సమాంతరంగా పలకలు పలకలుగా చీలుతుంది. భువనగిరి కోట ఉన్న ఏకశిల గుట్ట వాలు చూస్తే ఈ పలకలు తెలుస్తాయి. ఇవి పడక చీలికలు. రాయి చల్లబడినప్పుడూ, ఆ తర్వాత భూమి కదలికలప్పుడూ పడిన నిలువు చీలికలు వేరే ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటే రాయంతా దిమ్మెలుగా విడిపోతుంది.

హోస్ట్: అంటే మొదట మూలలున్న దిమ్మెలే.

అతిథి: అవును, ఇక నీళ్ల పని మొదలవుతుంది. చీలికల్లోకి దిగిన నీరు దిమ్మె ముఖాన్ని ఒక్క వైపు నుంచే తాకుతుంది. అంచుకు రెండు వైపుల నుంచి, మూలకు మూడు వైపుల నుంచి తగులుతుంది. కాబట్టి ముందు మూలలు పోతాయి, తర్వాత అంచులు. చివరికి మధ్యలో గట్టి గుండు, దాని చుట్టూ ఉల్లిపొరల్లా ఊడే మెత్తని రాయి మిగులుతాయి. గుండు ఎంత పెద్దదో చెప్పేది చీలికల ఎడం. నిలువు చీలికల మధ్య 4, 5 మీటర్లుంటే ఇల్లంత గుండు మిగులుతుంది. అరమీటరు ఎడమే ఉంటే గుండు మిగలదు, మొత్తం మొరమే.

హోస్ట్: పగుళ్లు పెరిగితే నీటికి తగిలే వైశాల్యం ఎంత పెరుగుతుంది?

అతిథి: మీటరు భుజమున్న ఘనానికి 6 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. దాన్ని 10 సెంటీమీటర్ల ముక్కలు చేస్తే 1,000 ముక్కలు, మొత్తం 60 చదరపు మీటర్లు. పగలడం వల్ల రాయిలో ఒక్క ఖనిజం కూడా మారలేదు, కానీ నీటికి పదింతలు చోటు దొరికింది.

హోస్ట్: ఇంత గట్టి రాయిని మామూలు వాన నీరు ఏం చేయగలదు?

అతిథి: వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది, కాలుష్యం లేకపోయినా దాని పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, అంటే కొద్దిగా ఆమ్లమే. మట్టిలోకి దిగాక వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా చాలా ఎక్కువ కలుస్తుంది. ఈ పలుచని ఆమ్లం, గ్రానైట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని తెల్లటి సుద్దమట్టిగా మారుస్తుంది. అందులోని పొటాషియం, సోడియం, కొంత సిలికా నీటిలో కరిగి వెళ్లిపోతాయి. పలుగురాయి దాదాపు అలాగే మిగులుతుంది, అదే మన ఇసుక.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది నల్ల అభ్రకం. బయోటైట్ అంటాం. దానిలోని ఇనుముకు ఆక్సిజన్ తగిలి తుప్పు రంగు వస్తుంది, రేకుల మధ్యకు నీరు చేరి అది ఉబ్బుతుంది. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ ఇంకా గట్టిగా ఉండగానే ఈ ఉబ్బు రాయిని పలుకు పలుకుగా విడగొడుతుంది. రోడ్ల కింద పరిచే మొరం చాలావరకు ఇలా తయారైందే. చూడండి, రసాయన మార్పే ఇక్కడ భౌతికంగా పగలగొట్టింది. బడి పుస్తకాల్లో రెండింటినీ వేరు వేరు గళ్లలో రాయడం నాకు నచ్చదు.

హోస్ట్: ఆ పుస్తకాల్లోనే పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి రాయి పగులుతుందని ఉంటుంది.

అతిథి: నీరు లేకుండా ఆ మాట అంత తేలిగ్గా నిలబడదు. 1936లో అమెరికాలో డేవిడ్ గ్రిగ్స్ అనే శాస్త్రవేత్త గ్రానైట్ ముక్కను సుమారు 110 డిగ్రీల తేడాతో 89,400 సార్లు వేడి చేసి పొడిగాలితో చల్లార్చాడు. రోజుకొకసారి చొప్పున లెక్కేస్తే అది 244 ఏళ్లు. రాయిలో మార్పేమీ కనబడలేదు. గాలికి బదులు నీళ్లు చల్లి చల్లార్చితే, రెండున్నరేళ్లకు సమానమైన సార్లలోనే పాలిష్ పోయి పగుళ్లు వచ్చాయి. అది చిన్న ముక్క, గుట్టలో బిగిసి ఉన్న బండ వేరు. పెద్ద బండలో పగులు పెరగడానికి ఎండ తోడ్పడుతుంది. కానీ నీటిని పక్కనపెట్టి చెప్పలేం. ఇక నీరు గడ్డకట్టి 9 శాతం పెరిగి రాయిని చీల్చడం హిమాలయాల సంగతి, మన దగ్గర దానికి చోటు లేదు.

హోస్ట్: ఇల్లు కట్టేవాళ్లు, బోరు వేసేవాళ్లు దీన్ని ఎలా వాడుకోవాలి?

అతిథి: రాయి ఎంతవరకు శిథిలమై మెత్తబడిందో ఇంజనీర్లు ఆరు స్థాయిలుగా చూస్తారు. ఒకటోది తాజా రాయి, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. రెండోదాంట్లో చీలికల వెంట తుప్పు మరక. మూడులో బోలుగా మోగుతుంది, కానీ సగానికి పైగా రాయే. నాలుగులో సగానికి పైగా మట్టిలా మారిపోయి మధ్యలో గుండ్లు మిగులుతాయి. ఐదులో రాయి అల్లిక కనిపిస్తుంది గానీ చేత్తో నలిపితే పొడి పొడి అయిపోతుంది. ఆరు పూర్తిగా మట్టి.

ప్రమాదమంతా నాలుగులో ఉంది. పునాది పరీక్షకు వేసిన బోరు 6 మీటర్ల దగ్గర రాయి తగిలిందని ఆపేస్తారు. అది గుండైతే? కింద మళ్లీ మొరమే. ఒక స్తంభం గుండు మీద, పక్కది మొరం మీద నిలిస్తే రెండూ ఒకేలా కుంగవు, గోడలు చీలుతాయి. కాబట్టి రాయి తగిలాక కనీసం 3 మీటర్లు, చుట్టుపక్కల పెద్ద గుండ్లు కనిపిస్తుంటే 5 మీటర్లు తొలిచి చూడాలి. అదీ ఒక్క చోట కాదు.

నీళ్ల బోరులోనూ ఇదే తప్పు జరుగుతుంది. బోరు గోడ కూలకుండా దించే పైపు, అంటే కేసింగ్, గుండు మీద ఆగిపోతే కింది మొరం కూలుతుంది, బురద నీళ్లొస్తాయి, మోటారు ఇరుక్కుంటుంది. బయటికొచ్చే పొడి రంగు చూస్తూ ఉండాలి. బూడిద రంగు వచ్చాక మళ్లీ గోధుమ రంగు వచ్చిందంటే దాటింది గుండే. అప్పుడు కేసింగ్‌ను ఇంకా దించాలి.

హోస్ట్: ఇందాక ఖనిజాలు కరిగి వెళ్లిపోతాయన్నారు. ఎక్కడికి?

అతిథి: బాగా వానలున్నచోట ఏరుల్లోకి. నల్గొండ లాంటి పొడి ప్రాంతంలో చాలావరకు భూగర్భ జలంలోనే ఉండిపోతాయి. గ్రానైట్‌లోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ వచ్చేది ఇలాగే. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ అంతగా కరగదు. కానీ ఆ నేలల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుపోయి నీటిలో తగ్గిపోతుంది, ఫ్లోరైడ్ పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గ్రానైట్ ప్రాంతంలో కొత్త బోరు పడితే, తాగడానికి ముందు ఆ నీటిని ఫ్లోరైడ్ పరీక్షకు పంపండి.