బీరు గొంతులో మండితే

శ్రోతలందరికీ నమస్కారం. పోయిన ఎండాకాలం, ఇక్కడ డాలస్‌లో, నేను ఇంట్లో చేసిన బీరు ఒక గుక్క తాగి మా బావమరిది గ్లాసు కింద పెట్టేశాడు. "బావా, ఇది తాగడానికా, దెబ్బకి రాసుకోవడానికా?" అన్నాడు. అన్నది నిజమే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు, మింగితే గొంతులో మంట.

ముందే ఒక మాట. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం 1978లో వీలు కల్పించింది, అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకుండా, సొంతానికి. మన ఊళ్లలో అలా కుదరదు. ఎక్సైజు వాళ్లు ఊరుకోరు. కాబట్టి ఈ కబురు ఇక్కడివాళ్లకే, అదీ 21 నిండినవాళ్లకే.

సరే, నా బీరుకి ఏమైంది? 19 లీటర్ల బ్యాచ్‌లో, కాస్త కిక్ ఉంటుందని కిలో పంచదార కలిపాను. ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే హైడ్రోమీటర్, పులియకముందు 1.076 చూపించింది. పులిసి ఆగాక 1.008. ఈ రెండిటి తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం దాదాపుగా వస్తుంది. నాది 9 దాకా తేలింది. పంచదార వెయ్యకపోతే 6 దగ్గర ఆగేది. పైగా పంచదార మొత్తం ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) తినేస్తుంది, మాల్ట్‌లాగా, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలాగా, వెనక కమ్మదనం మిగల్చదు. పలచటి చారులో కారం ఎక్కువైనట్టు, ఆల్కహాల్ ఒక్కటే నాలుకకి తగులుతుంది.

కానీ అసలు దొంగ పంచదార కాదు, వేడి. గదిలో 78 డిగ్రీల ఫారన్‌హీటే కదా అనుకున్నాను. బకెట్‌కి అంటించిన థర్మామీటర్ 85 చూపించింది. పులిసేటప్పుడు బీరు తనంతట తానే వేడెక్కుతుంది. ఏల్ అనే రకం బీరుకి వాడే మామూలు ఈస్ట్‌కి 65 నుంచి 68 చాలు. అంతకు మించి వేడెక్కితే అది మామూలు ఆల్కహాల్‌తో పాటు ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే బరువైనవాటిని కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. ఫ్యూజెల్ అంటే జర్మన్‌లో నాసిరకం సారా. గొంతు మంట ఎక్కువగా వాటిదే. ఇంత ఘాటు బీరుకి నేను వేసిన ఒక్క ప్యాకెట్ ఈస్ట్ కూడా చాలలేదు, రెండు వెయ్యాల్సింది.

"కాసేపు మరగబెడితే ఆల్కహాల్ ఎగిరిపోదా?" అని మా బావమరిదే అడిగాడు. ఎగిరిపోతుంది, దాంతోపాటు హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన, గ్యాస్ అన్నీ పోయి కషాయం మిగులుతుంది. ఆ పని చెయ్యకండి.

నేను చేసింది కలపడం. ఇంకో బ్యాచ్ పెట్టాను. పంచదార లేదు, పలచగా, 4 శాతం వచ్చేట్టు. ఈసారి బకెట్‌ని నీళ్ల టబ్బులో నిలబెట్టి, చుట్టూ తడి టీషర్టు కప్పి ఫ్యాన్ పెట్టాను. ఎండాకాలం మా నాయనమ్మ మంచినీళ్ల కుండకి తడిగుడ్డ చుట్టేది, అదే విద్య. రోజుకి రెండుసార్లు గడ్డకట్టిన నీళ్ల బాటిల్ ఒకటి టబ్బులో వేస్తే 67 దాటలేదు.

అది తయారయ్యాక బకెట్‌లు కలిపెయ్యలేదు, ముందు గ్లాసులో చూశాను. ఘాటుది రెండు చెంచాలు, పలచటిది ఒకటి. మంట అలాగే ఉంది. చెరి సగం చేస్తే సరిపోయింది, ఆరున్నర శాతం. కలిపేటప్పుడు ఒక్కటి జాగ్రత్త: పైనుంచి ధారగా పొయ్యకూడదు. గాలి తగిలితే కొన్నాళ్లకి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ట్యూబు బకెట్ అడుగుదాకా దించి నెమ్మదిగా పంపాలి. కలిపాక వరసగా నాలుగైదు రోజులు హైడ్రోమీటర్ అంకె కదలకపోతేనే సీసాల్లో నింపాలి. ఇంకా పులుస్తూనే ఉంటే సీసాలు పేలతాయి, హాస్యం కాదు.

రెండో బ్యాచ్ చేసే ఓపిక లేకపోతే, మరిగించి మూతపెట్టి చల్లార్చిన నీళ్లు కలపొచ్చు. ఉదాహరణకి, 8 శాతం బీరు 19 లీటర్లకి 4 లీటర్లు కలిపితే ఆరున్నరకి కాస్త పైన ఉంటుంది. పెద్ద కంపెనీలు కూడా చిక్కగా పులియబెట్టి, గాలి తీసేసిన నీళ్లతో పలచన చేస్తుంటాయి. కానీ రుచి కూడా పలచబడుతుంది. నాకు నచ్చలేదు.

ఘాటుదే పన్నెండు సీసాలు కలపకుండా చల్లటి అలమరలో అట్టే పెట్టాను. నల్లటి, చిక్కటి బీర్లయితే నెలలు గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. నాది అంత చిక్కటిది కాదు. ఎనిమిది నెలలకి ఒకటి తీస్తే గొంతు మంట సగం తగ్గింది, ఎండుద్రాక్ష రుచి కొంచెం తోచింది. మా బావమరిది ఈసారి గ్లాసు కింద పెట్టలేదు. అయితే ఆ ఒక్క గ్లాసూ మామూలు బీర్లు దాదాపు రెండింటితో సమానం కదా, కారు తాళాలు మా చెల్లెలు తీసుకుంది. ఇంకా పదకొండు ఉన్నాయి.