అమరావతి రాళ్లు ఎగ్మోర్‌లోనే ఉన్నాయండీ!

నమస్కారమండి. చెన్నైలో మనవాళ్లు నలుగురు కూర్చున్న చోట అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల మాట ఎత్తండి. ఒకరైనా నిట్టూర్చి "అన్నీ తెల్లవాళ్లు లండన్ ఎత్తుకుపోయారు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా అమరావతి శిల్పాలున్న మాట నిజమే. కానీ పెద్ద వాటా ఒకటి ఇక్కడే, ఎగ్మోర్‌లో, పాంథియన్ రోడ్డు మీద ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రోజూ ఆ గోడ పక్కనుంచే ఆఫీసుకు వెళ్తూ లండన్ గురించి బాధపడేవాళ్లు నాకు తెలుసు.

సరే, వెళ్లినవాళ్లేం చేస్తారు? పిల్లల్ని లైన్లో నడిపించి, నటరాజు ముందు ఒక ఫోటో తీసి, నలభై నిమిషాల్లో బయటికొచ్చి ఐస్‌క్రీమ్ కొనిస్తారు. ఐస్‌క్రీమ్ తప్పు కాదు. నలభై నిమిషాల్లో మ్యూజియం మొత్తం చూడాలనుకోవడమే తప్పు. ఈ వీడియోలో ఒక్క రాయితో చరిత్ర, సివిక్స్ రెండూ ఎలా నేర్చుకోవచ్చో చెప్తాను.

[తెర మీద: గుడి మండపంలో వెలుగుతున్న ట్యూబులైటు]

ఈ ట్యూబులైటు మీరు చూసే ఉంటారు. దాత పేరు, వాళ్ల నాన్నగారి పేరు, ఊరు, గోత్రం, అన్నీ ఎర్ర పెయింటుతో రాసి ఉంటాయి. అక్షరాలు ఎక్కువై వెలుతురు తక్కువైన లైటు. అమరావతి స్తూపంలో చాలా రాళ్లు ఇలాంటి ట్యూబులైట్లే. వాటి మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఏముందనుకున్నారు? ఎక్కువగా దాతల పేర్లే.

ఒక శాసనం చెప్తాను, నాకు చాలా ఇష్టం. విధికుడు అనే చర్మకారుడు, అంటే తోలుపని చేసే మనిషి, పూర్ణఘటం చెక్కిన ఫలకం ఒకటి ఇచ్చాడు. పూర్ణఘటం అంటే పొంగిపొర్లే నీళ్ల కుండ. ఆయన ఒక్కడి పేరే కాదు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని రాయించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తండ్రి నాగుడు, కొడుకూ నాగుడే. మనవడికి తాత పేరు! ఇదంతా రెండు వేల ఏళ్ల కిందటి లోకం. ఇంకో సంగతి, తండ్రి ఉపాధ్యాయుడు, కొడుకు తోలుపనివాడు. కులాల గురించి మనకు బడిలో చెప్పిన లెక్కల్లో ఇది ఇముడుతుందా? నాకైతే ఇమడలేదు. స్తూపం అనగానే రాజు కట్టించాడని రాసేస్తాం. పరీక్షలో శాతవాహనులు అని రాస్తే మార్కులూ పడతాయి. రాళ్లు చూస్తే సుగంధద్రవ్యాల వ్యాపారి ఉన్నాడు, గృహస్థులున్నారు, భిక్షుణులున్నారు. ఊరుమ్మడి కట్టడాన్ని ఎవరి డబ్బుతో కట్టారు? నా లెక్కలో సివిక్స్ మొదటి పాఠం అదే.

రెండో ప్రశ్న. ఆ ట్యూబులైటును గుడి నుంచి ఊడదీసిందెవరు?

ఈ రాళ్లకు మార్బుల్స్, అంటే పాలరాళ్లు, అని పేరు పడింది గానీ, అది పల్నాటి సున్నపురాయి. దాని ప్రాణానికి వచ్చిందే అది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చాక, దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను ఇళ్ల రాళ్ల కోసం తవ్వారు. కొన్ని ఫలకాలను కాల్చి సున్నం చేశారు. అంటే లండన్ కన్నా ముందు మన సున్నపు బట్టీలే కొంత మింగేశాయి. ఇది వింటే మనవాళ్లకు కోపం వస్తుంది, రానివ్వండి.

తర్వాత ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి ఆ రాళ్ల బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. అందులో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడెక్కింది. 1877లో సూయెల్, 1880లలో బర్జెస్ తవ్వారు. ఎగ్మోర్‌లో ఉన్నవాటిలో చాలావరకు ఆ తవ్వకాలవే. వాటిని సిమెంటుతో గోడలకు బిగించేశారు. భద్రంగా ఉంటాయనే చేశారట! సున్నపురాయికి సిమెంటు, తేమ ఎంత చెరుపో తర్వాత తెలిసింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయింది, రాళ్లు ఇక్కడే ఉండిపోయాయి. ఈ కథ పిల్లలకు చెప్పాలంటే ఎగ్మోర్ నుంచి నేరుగా మైలాపూర్ తీసుకెళ్లండి. రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తి గారింట్లో, పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. అక్కడిప్పుడు స్మారక భవనం ఉంది. ఒక రాష్ట్రం ఎలా పుడుతుందో చెప్పడానికి పుస్తకంలో రెండు పేరాలు చాలవు, ఆ ఇంటి ముందు నిలబెట్టండి.

మూడో ప్రశ్న: ట్యూబులైటుకు ఇప్పుడు కరెంటు బిల్లు కడుతున్నదెవరు? మనమే. అది ప్రభుత్వ మ్యూజియం, 1851 నుంచి నడుస్తోంది. ఒక గది ఎందుకు మూసి ఉంది, ఒక రాయి పక్కన వివరం ఎందుకు లేదు అని అడగొచ్చు. ముందు అక్కడి క్యూరేటర్‌ని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది, పది రూపాయల ఫీజు. ఇంటర్ చదివే పిల్లల చేత ఆ దరఖాస్తు రాయించి చూడండి. సివిక్స్ ట్యూషన్ అక్కర్లేదు.

మా ఎడిటర్ గడియారం చూపిస్తున్నాడు, మిగతాది గబగబా చెప్పేస్తా.

ఇంట్లో కూర్చుని చేసే పని: బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో అమరావతి అని వెతకండి, ఒక్కో రాయి ఫోటో, కొలతలు వస్తాయి. ఎగ్మోర్ వాటి మీద శివరామమూర్తి గారి గ్రంథం 1942లో మ్యూజియం బులెటిన్‌గానే వచ్చింది, పెద్ద లైబ్రరీల్లో అడగండి. మెకంజీ సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, తెలుగులోనే ఉన్నాయి. వాటికోసం చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. ఆ సేకరణ పనిలో మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల పాత్ర పెద్దది, దానికి వేరే వీడియో చేస్తా.

ఫోర్ట్ సెయింట్ జార్జ్ మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండా ఉంది. తప్పకుండా చూపించండి. చిన్నపిల్లలైతే ఈసీఆర్‌లో, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, దక్షిణాది పాతకాలపు ఇళ్లున్న మ్యూజియం దక్షిణచిత్ర మేలు. విశాఖ వైపు చుట్టిల్లు అక్కడ లోపలికెళ్లి చూడొచ్చు, చేత్తో చేసే పనులూ నేర్పిస్తారు. ఆగస్టులో మద్రాస్ డే రోజుల్లో నగరమంతా హెరిటేజ్ వాక్‌లు ఉంటాయి.

ఎగ్మోర్‌కు శుక్రవారం సెలవు, దక్షిణచిత్రకు మంగళవారం. నోట్‌బుక్, పెన్సిలు తీసుకెళ్లండి. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్క రాయే ఇవ్వండి, అరగంట దాని ముందే కూర్చుని బొమ్మ గీయమనండి. "బోర్" అంటారు, అననివ్వండి.